తమ్ముడు అడిగిన పదును

దసరా సెలవుల్లో నాలుగు రోజులు తిరిగి వచ్చాను. రాజమండ్రి నుంచి మండపేట, అక్కణ్ణుంచి వెనక్కొచ్చి వంతెన దాటి పట్టిసీమ, మళ్ళీ కిందికి దిగి అంబాజీపేట దగ్గర మా తమ్ముడి ఊరు. మ్యాపు మీద జానెడు కూడా ఉండదు. కానీ నేను వెళ్ళింది ఉక్కు కోసం. ఆ పని మీద ఆ ఊళ్ళకి ఎవరూ వెళ్ళరు కాబట్టి రాయాలనిపించింది.

నేను ఒక ఎయిడెడ్ బడిలో అటెండర్ని. చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా మా పేటలోని శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. బడి తాళాలు వేశాక రోజూ అక్కడికి వెళ్ళి ఏది దొరికితే అది చదువుతాను. నక్షత్రాలు, తేనెటీగలు, రోమను రాజులు, ఏదైనా సరే. నాకు తెలిసినంత ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదని నాకు లోపల కొంచెం గర్వం ఉండేది.

మా తమ్ముడు దానియేలు కొబ్బరి చెట్లెక్కుతాడు. ఎక్కి గెలలు కోసి దించడాన్ని కోనసీమలో దింపు అంటారు. పోయిన వేసవిలో వాడు ఫోన్ చేసి, “అక్కా, నువ్వు అన్నీ చదువుతావు కదా, పదునున్న కత్తొకటి చూసి పెట్టు. పదును నిలవాలి,” అన్నాడు. వాడు నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నెల రోజులు చదివాను. ఉక్కులో కార్బన్ ఎంత, క్రోమియం ఎంత, కాఠిన్యం ఎంత అని. అడవుల్లో తిరిగేవాళ్ళు కత్తులను పోల్చి రాసిన వ్యాసాలను గ్రంథాలయం కంప్యూటర్లో అర్థమైనంతవరకూ చదివాను. అన్నిటికంటే గట్టి ఉక్కు, అన్నిటికంటే ఎక్కువ రోజులు అంచు మొద్దుబారనిది ఎంచి, రెండు వేల ఎనిమిది వందలు పెట్టి ఆన్‌లైన్లో తెప్పించి పంపాను. “భలే ఉందక్కా,” అన్నాడు. నేను ఆ మాట లైబ్రేరియన్‌కి కూడా చెప్పుకున్నాను.

బడికి దసరా సెలవులిచ్చే రోజు మా మరదలు రత్నం ఫోన్ చేసింది. వాడు ఇంట్లో లేనప్పుడు చేసింది. ఆగస్టు చివర చెట్టు మీద గెల కాడలో కత్తి దింపి మెలి తిప్పితే అంచు పెచ్చు ఊడి ఎగిరి కనుబొమ్మ కింద తగిలిందట. నాలుగు కుట్లు. కంట్లోకి కారుతున్న నెత్తురుతోనే ఎలాగో దిగాడట. గాయం మానింది గానీ ఆ తర్వాత చెట్టెక్కలేదు. ఆడవాళ్ళతో కలిసి కింద కాయలు ఏరుతున్నాడు.

“అక్కకి చెప్పొద్దన్నారు వదినా. దసరా దింపు సోమవారం మొదలవుద్ది. ఈసారీ ఎక్కకపోతే మేస్త్రీ గారు వేరేవాళ్ళని జట్టులో కలుపుకుంటామన్నారు. ఆయనకి చెట్టెక్కడం తప్ప ఇంకేం పని వచ్చు చెప్పండి.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గంట కొట్టడం మర్చిపోయాను. ఆరో పీరియడ్ పిల్లలు అయిదో పీరియడ్‌లోనే కూర్చున్నారు.

సోమవారం లోపల వాడి చేతిలో పెట్టడానికి ఒక సరైన కత్తి కావాలి. ఈసారి దాన్ని చేసేవాళ్ళనే అడిగి తేవాలనుకున్నాను. శుక్రవారం పొద్దున్న బయలుదేరాను.

మండపేట: నిప్పురవ్వలు

ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి చార్జీల సంగతి రాయక్కర్లేదు. మండపేటలో దిగేసరికి తొమ్మిది. మిల్లుల ముందు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, గాలి నిండా తౌడు వాసన. పెసరట్టు ఉప్మా తిన్నాను, అరవై రూపాయలు. మా బడి ఎదురు బండి మీద నలభైకే వస్తుంది గానీ, ఇక్కడ అల్లం పచ్చడిలో బెల్లానికి వెనకాడరు. రెండోసారి అడిగితే గిన్నె నా పక్కనే పెట్టి వెళ్ళారు.

లారీల షెడ్ల వెనక సత్తిబాబు గారనే ఆయన పాత ఇనుము కొట్టు ఉంది. టీ తాగుతున్నారు.

“ఏం కావాలండి?”

“కత్తి చేయించడానికి ఉక్కు కావాలండి. కార్బన్ అర శాతం దాటి ఉండాలి. క్రోమియం ఎక్కువ వద్దు.”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “మీరు టీచరాండి?”

“కాదండి. అటెండర్ని.”

“మా వాడు ఇంజినీరింగు మూడో సంవత్సరమండి. వాడికి పదమూడో నంబరు రెంచీ ఏదో తెలీదు,” అని లేచారు.

నిప్పురవ్వలను బట్టి ఉక్కు రకం చెప్పవచ్చని నేను చదివాను. చూడలేదు. అది చెబితే ఆయన సంతోషంగా గ్రైండర్ ఆన్ చేసి నాలుగు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి పట్టి చూపించారు. స్టెయిన్‌లెస్ ముక్క నాలుగు ఎర్ర రవ్వలు మందకొడిగా రాల్చి ఊరుకుంది. మిల్లు రంపం బ్లేడు పొడుగ్గా తెల్లటి గీతలు విసిరింది. బేరింగు రింగు చిచ్చుబుడ్డిలా పేలింది. చిన్న ట్రక్కు కమాను పట్టా, అంటే బండి బరువు మోయడానికి చక్రాల పైన కట్టే వంపు బద్ద, కాకరపువ్వొత్తిలా కొమ్మలు కొమ్మలుగా వెలిగింది. పుస్తకంలో ఇవి నలుపు తెలుపు బొమ్మలు. పని చేసే కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నా నేను మళ్ళీ ఒకసారి చూపించమన్నాను.

“బేరింగుదే బాగుందండి. అదే గట్టిది కదా,” అన్నాను.

“కత్తితో ఏం చేస్తారండి?”

“మా తమ్ముడు కొబ్బరి దింపు చేస్తాడు.”

“అయితే బేరింగొద్దమ్మా. కాడలో దిగిన కత్తిని వాళ్ళు మెలి తిప్పుతారు. గట్టిదే, కాదన్ను. మెలికకి ఆగదు, పెచ్చులూడిపోద్ది. పట్టా సంగతి వేరు. దాని బతుకంతా గోతుల రోడ్ల మీద వంగి లేవడమే కదండి.”

నేను నెల రోజులు చదివి ఎంచిన ఉక్కు ఆ బేరింగుకి దగ్గర చుట్టమే. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

లారీది మరీ మందం, కొట్టేవాళ్ళ చేతులు పడిపోతాయని చిన్న ట్రక్కుదే తీశారు. తీగకి వేలాడదీసి సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. మొదటిది డొక్కుగా పలికింది. కనపడని బీట ఉందని పక్కన పడేశారు. మూడోది గుడిగంటలా పలికింది. రెండున్నర కిలోలు. కిలో డెబ్బై చొప్పున లెక్కగట్టి, “చదువుకున్నవాళ్ళు, నూటయాభై ఇవ్వండి,” అన్నారు. నాకు చదువు పేరు మీద తగ్గింపు దొరకడం ఇదే మొదలు.

“ఇక్కడ కమ్మరులంతా ట్రాక్టరు వెల్డింగుల్లోకి పోయారమ్మా. చేతి కత్తి కావాలంటే పట్టిసీమలో వీరాచారి గారని ఉన్నారు. పడవల వాళ్ళూ వెదురు కొట్టేవాళ్ళూ ఆయన దగ్గరే చేయిస్తారు.”

గట్టు మీద బస్సు

మర్నాడు పట్టిసీమ వెళ్ళే బస్సులో కండక్టరు నా సంచీ ఎత్తి చూసి, “మీకు సున్నా టికెట్టమ్మా. ఇనుముక్కూడా ఉచితమని జీవోలో లేదు,” అన్నాడు. నవ్వుతూనే వదిలేశాడు.

తాళ్ళపూడి దాటాక బస్సు ఒక గోతిలో పడింది. నా గుడ్డ సంచీ అడుగు చిరిగి పట్టా బస్సు నేల మీద పడింది. ఆ చప్పుడుకి డ్రైవరు గారు బండి ఆపేసి, దిగి, చక్రాల కింద వంగి చూడడం మొదలుపెట్టారు. ఆయన బండి కమాను పట్టాయే విరిగిందనుకున్నారు. నేను కిటికీలోంచి, “మీది కాదండి, నాదండి,” అని అరవాల్సి వచ్చింది. బస్సు బస్సంతా నవ్వింది.

నా పక్కన మొక్కజొన్న విత్తనాల సంచీ పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ మాత్రం నవ్వలేదు. “నవ్వింది చాల్లే, బండి తియ్యి నాయనా,” అని డ్రైవర్ని కేకేసింది. “మొన్నటి వానకి నేల మంచి పదును మీదుంది. ఎల్లుండికల్లా ఆరిపోద్ది. అప్పుడేసి ఏం లాభం.”

ఆ మాట విన్నాను. విని, కిటికీలోంచి గోదారి చూస్తూ ఊరుకున్నాను. నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. నదిలో కొండ మీద వీరభద్రుడి గుడి కనిపిస్తోంది. వరద తగ్గలేదని పడవలు ఆపేశారు. బస్సులో సగం మంది అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకున్నారు.

పట్టిసీమ: కొలిమి

వీరాచారి గారికి డెబ్బైకి దగ్గర. కళ్ళలో శుక్లాలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆయన భార్య సత్యవతి గారు ఆయన కంటే చురుగ్గా ఉన్నారు. ఆయన చిన్న సుత్తితో దాగలి, అంటే ఇనుప దిమ్మ మీద ఎక్కడ తడితే, ఆవిడ అక్కడ పెద్ద సమ్మెటతో కొడతారు. మాటలుండవు. యాభై ఏళ్ళ కాపురం దాగలికి చెరోవైపు నిలబడి చేశారు. ఆయుధపూజకి కొలిమి ఆర్పేస్తారట, అందుకని నన్ను చూడగానే ఆవిడ, “మీ పని ఇవాళా రేపట్లో అయిపోవాలమ్మా,” అన్నారు.

నేను పట్టా ముందు పెట్టి నా జ్ఞానం మొదలుపెట్టాను. ఇది ఫలానా స్ప్రింగ్ ఉక్కు, ఇందులో సిలికాన్ ఉంటుంది, దీన్ని కాల్చాక నీళ్ళలో కాదు నూనెలో ముంచాలి అని.

“అవును, నూనే,” అన్నారు వీరాచారి గారు. “నీళ్ళలో ముంచితే పగుల్తుంది. పుస్తకంలో అలాగే రాశారా?”

“అలాగే రాశారండి.”

“అయితే ఆ రాసినాయన కొలిమి దగ్గర కూర్చున్నవాడే.” ఆయన తల ఊపారు. నాకు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది. అది ఎంతోసేపు నిలవలేదు. పాత కత్తి సంగతి అడిగారు. జరిగినదంతా చెప్పాను. విని ఆయన, “మీ తమ్ముడు ఏ మాటన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి,” అన్నారు.

“పదునున్న కత్తి కావాలి, పదును నిలవాలి అన్నాడండి.”

“మీరేం చూశారు?”

“ఎక్కువ రోజులు పదునుగా ఉండేది. అంచు మొద్దుబారనిది.”

ఆయన భార్య వైపు తిరిగి నవ్వారు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. “అతను సరిగ్గానే అడిగాడమ్మా. మీరు చూసింది వాడి. తెగే అంచుని మేం వాడి అంటాం. అది సానరాయి మీద ఎవడైనా తెస్తాడు. పదును అంటే నిప్పులోనూ నూనెలోనూ ఇచ్చేది. పదును మించితే పెళుసు. తగ్గితే మెత్తన. రెండిటి మధ్యా ఒక చోట ఆగాలి. పదునున్న కత్తి అన్నాడంటే, విరక్కుండా వంగకుండా ఉండేది తెమ్మన్నాడు.”

ఆ మాట నాకు కొత్త కాదు. మా నాన్న కూడా చెట్లెక్కినవాడే. కత్తి కొనేముందు గోటితో మీటి, “పదునెక్కువైందిరా, వద్దు,” అని తిరిగిచ్చేయడం నేను చూశాను. పదును ఎక్కువైతే వద్దంటాడేమిటని అప్పుడు నవ్వాను కూడా. పట్నంలో ముప్ఫై ఏళ్ళు కూరగాయల కత్తులు సాన పట్టించుకుని ఆ మాటలో సగం పారేసుకున్నాను. బస్సులో విత్తనాల ఆవిడ అన్నది కూడా అదే మాట. బురద కాకుండా, పొడి కాకుండా, గింజ మొలిచేటంత తడి.

తిరిగొచ్చాక గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీసి చూశాను. మూడు అర్థాలూ ఒకే చోట, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఆ నిఘంటువుని నేను కొన్ని వందలసార్లు తెరిచి ఉంటాను. తెలుసనుకున్న మాటని ఎవరు వెతుకుతారు?

“కుడిచెయ్యా, ఎడంచెయ్యా?” అని అడిగారు సత్యవతి గారు. కత్తికి వాడి ఒక వైపే తీస్తారట, పట్టే చేతిని బట్టి.

“కుడే అండి,” అన్నాను. వాడు అన్నం తినేదీ రాసేదీ కుడి చేత్తోనే. అయినా అనుమానం వచ్చి రత్నానికి ఫోన్ చేశాను.

“కింద ఉంటే కుడి వదినా,” అంది రత్నం గొంతు తగ్గించి. “పైకెక్కితే ఎడం చేత్తోనే కొడతారు. మీకు తెలీదా?”

తెలియదు. వాడు పలక మీద ఎడం చేత్తో రాస్తుంటే వేళ్ళ మీద కొట్టి మాన్పించింది నేనే. మాన్పించాననుకున్నాను.

“ఎడంచెయ్యేనండి,” అని చెప్పాను.

ఆ రోజంతా పట్టాని తెగ్గొట్టి, సాగదీసి, కొస దగ్గర కొంచెం వంచి కత్తి రూపానికి తెచ్చారు. మధ్యలో ఒకసారి నేనూ సమ్మెట ఎత్తాను. నాలుగు దెబ్బలు వేశాను, అందులో రెండు దాగలి మీదే పడ్డాయి. “చాల్లే అమ్మా, దాగలికి కూడా ప్రాణం ఉంటుంది,” అన్నారు సత్యవతి గారు.

వాళ్ళింట్లోనే ఉండిపొమ్మన్నారు. కంద బచ్చలి కూర ఆవ పెట్టి వండారు. మా ఇంట్లో కంద బచ్చలిలో ఎండు రొయ్యలు పడాల్సిందే. ఆ మాట అంటే సత్యవతి గారు చెవులు మూసుకుని నవ్వారు. ఆవ ఘాటుకి నా కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. అయినా మారు వడ్డించుకున్నాను.

పట్టిసీమ: బెల్లం రంగు

ఆదివారం పొద్దున్న ఆరాధన మానేసి కొలిమి ముందు కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు. వీరాచారి గారు దాగలికి పసుపు రాసి బొట్టు పెట్టారు. మా ఇళ్ళలో పనిముట్టుకి పూజ లేదు. కానీ మా నాన్న చెట్టు మొదట్లో నిలబడి కత్తి నుదుటికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

కత్తిని చెర్రీపండులా ఎర్రబడేదాకా కాల్చి పాత ఇంజిను నూనెలో ముంచారు. పొగ లేచింది. ఇప్పుడది గాజంత పెళుసట, కింద పడితే ముక్కలే. నేను పంపిన కత్తి దాదాపు ఇక్కడే ఆగిపోయినదని నాకు అర్థమైంది.

ఆ తర్వాతి పనిలో సమ్మెట లేదు. కత్తిని తోమి తెల్లగా మెరిపించి, వెనక వైపు నుంచి మెల్లగా వెచ్చబెడతారు. వేడి ఎక్కే కొద్దీ ఉక్కు మీద రంగులు పాకుతాయి. పుస్తకంలో వీటికి డిగ్రీలున్నాయి. సత్యవతి గారి దగ్గర వేరే పేర్లున్నాయి. ఆవిడ ముందుకు వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. వీరాచారి గారు కత్తిని పట్టకారుతో పట్టుకుని గోడ వైపు చూస్తున్నారు. ఆ రంగులు ఆయనకి కనపడవు. ఎనిమిదేళ్ళుగా కనపడవట.

“ఆవపిండి,” అన్నారావిడ. లేత పసుపు. ఆయన కదల్లేదు.

“బెల్లం వస్తోంది. వెనక వంకాయ. అంచుకింకా రాలేదు. ఆగండి. ఆగమంటుంటే.”

“ఆగానే.”

“వెనక నెమలి. అంచు బెల్లం. ఇప్పుడు.”

ఆయన కత్తిని పక్కకి తీసి చల్లారబెట్టారు. ఆవిడ చెప్పిన క్షణానికీ ఆయన చెయ్యి కదిలిన క్షణానికీ మధ్య సందు లేదు.

కొట్టే అంచు బెల్లం రంగులో గట్టిగా, వెన్ను నెమలి కంఠం రంగులో వంగి లేచేటట్టు. ఒకే ఉక్కులో రెండు పదునులు. వీరాచారి గారు దాన్ని దుంగలో దిగేసి, పిడి పట్టుకుని మెలి తిప్పారు. వంగింది. వదిలేస్తే తిరిగి తిన్నగా నిలబడింది. అంచు మీద వేలు పెట్టి చూశాను. పెచ్చు ఊడలేదు.

పని కూలి తొమ్మిది వందలు తీసుకున్నారు. బయలుదేరుతుంటే సత్యవతి గారు, “తుప్పు పడుతుందని చెప్పండమ్మా. మీ మెరుపు కత్తికి లేని జబ్బు దీనికదొక్కటే,” అన్నారు.

తమ్ముడి ఇల్లు

రావులపాలెం మీదుగా అంబాజీపేట చేరి, అక్కణ్ణుంచి ఆటోలో కాలువ గట్టు వెంట వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. ఊరంతా కొబ్బరి పీచు వాసన.

దానియేలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. “చెప్పాపెట్టకుండా వచ్చావేంటక్కా,” అని నా సంచీ అందుకున్నాడు. ఎడం కనుబొమ్మ కింద గీత ఉంది.

“అదేంటిరా?”

“మట్ట గీసుకుందక్కా. ఎప్పుడో.”

లోపల గోడకి మేకు వేసి నేను పంపిన కత్తి తగిలించి ఉంది. మెరిసేలా తుడిచారు. “రోజూ వాడతన్నాను. ఈ చుట్టుపక్కల ఇలాంటి కత్తి ఎవరికీ లేదు,” అన్నాడు నా చూపు అటు వెళ్ళడం గమనించి. రత్నం వంటింట్లో గరిటె చప్పుడు ఆపేసింది.

లేచి వెళ్ళి కత్తిని మేకు మీంచి తీసి తిప్పాను. అంచులో చింతగింజంత పెచ్చు ఊడిపోయి ఉంది. నేను ఎప్పుడు వచ్చినా కనపడకుండా ఆ వైపుని గోడకి పెట్టి ఉంచాడు.

“రత్నం చెప్పిందా?” అన్నాడు వాడు.

“నువ్వు చెప్పాల్సింది.”

“ఎలా చెప్తానక్కా. నెల రోజులు చదివి కొన్నావు. ఊళ్ళో అందరికీ చూపించాను, మా అక్క పంపిందని.”

“నువ్వు పదును అన్నావురా. నేను వాడి అని విన్నాను. నాన్న అనే మాటే అది. మర్చిపోయాను.”

నేను కొత్త కత్తి తీసి వాడి ముందు పెట్టాను. నల్లగా, మోటుగా ఉంది. వాడు కుడి చేత్తో తీసుకుని, వెంటనే ఎడం చేతికి మార్చుకున్నాడు. అంచుకి వాడి తీసిన వైపు చూశాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఎడంచేతిది,” అన్నాడు.

“అవును.”

“దీనికోసం నన్ను చిన్నప్పుడు ఎన్ని కొట్టావు.”

“లెక్కపెట్టలేదు.”

రత్నం వంటింట్లోంచి నవ్వింది. వాడూ నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. “కత్తి బాగుందక్కా. నాన్నున్నా వంక పెట్టడు. నా సంగతే నాకు తెలీదు. ఆ రోజు దిగేటప్పుడు ఒక కన్ను మూసుకుపోయింది. సగం దూరంలో కాలి బంధం జారింది. పట్టుకున్నాను అనుకో. కానీ అప్పట్నుంచీ మొదట్లో నిలబడగానే కాళ్ళు బరువెక్కిపోతన్నాయి.”

నా దగ్గర దానికి పుస్తకం లేదు. రత్నం పెట్టిన చారు పోసుకుని ముగ్గురం అన్నం తిన్నాం.

సోమవారం దింపు

ఏడు గంటలకే జట్టు తోటలోకి దిగింది. ఎక్కేవాళ్ళు నలుగురు, మేస్త్రీ సూరన్న గారు, కింద కాయలేరే ఆడవాళ్ళు ఆరుగురు. రత్నం వాళ్ళలో ఉంది. నాలుగో మనిషి స్థానం కోసం ఇంకో కుర్రాణ్ణి కూడా పిలిపించి ఉంచారు. అతను గట్టు మీద మోకు భుజాన వేసుకుని కూర్చున్నాడు.

దానియేలు నడుముకి మోకు చుట్టుకున్నాడు, కాళ్ళకి బంధం వేసుకున్నాడు, కత్తి వెనక దోపాడు. చెట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ అప్పటికే సగం పైకి వెళ్ళిపోయారు.

“ఏరా దానియేలూ, చెట్టుకి బాప్తిస్మమిస్తన్నావా?” అన్నాడు పైనుంచి ఒకడు.

“నీ పని నువ్వు చూసుకో,” అన్నారు సూరన్న గారు. దానియేలు వైపు మాత్రం చూడలేదు. గట్టు మీది కుర్రాడి వైపూ చూడలేదు. అదీ పెద్దరికమేననిపించింది నాకు.

దానియేలు మెడ తిప్పి నన్ను చూశాడు. “అక్కా, నువ్వు వెళ్ళు.”

“ఎక్కడికి?”

“ఎక్కడికైనా. కాలువ వైపు. నువ్వు చూస్తా ఉంటే ఎక్కలేను. పడితే కత్తి వల్లే అనుకుంటావు. ఎక్కకపోయినా కత్తి వల్లే అనుకుంటావు.”

నాలుగు రోజులు తిరిగింది అది చూడ్డానికే. తిరిగి నడిచాను. కాలువ రేవు మెట్ల మీద, తోటకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా బట్టలుతుకుతున్న ఒకావిడ నన్ను చూసి, “ఎవరి తాలూకండి?” అంది.

“దానియేలు అక్కనండి.”

“ఓ, పుస్తకాలావిడా,” అని మళ్ళీ బట్టల మీద పడింది. ఈ ఊళ్ళో వాడు నా గురించి ఏం చెప్పుకున్నాడో అప్పుడు తెలిసింది.

వెనక నుంచి చప్పుళ్ళు వస్తున్నాయి. ఎండు మట్ట జారి పడితే బరబరమని ఒక పొడుగు చప్పుడు. గెల పడితే ముందు ఒక దెబ్బ, ఆ తర్వాత కాయలు దొర్లడం. కానీ ఏది ఎవరిదో తెలియదు. ముగ్గురున్నా అవే చప్పుళ్ళు, నలుగురున్నా అవే. ఉక్కుని నిప్పురవ్వల్ని బట్టి పోల్చవచ్చు. గెల పడిన చప్పుడుని బట్టి తమ్ముణ్ణి పోల్చడం ఎక్కడా రాయలేదు. తిరిగి చూడకూడదని రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని నొక్కి పట్టుకున్నాను.

ఎంతసేపైందో తెలియదు. బట్టలావిడ తలెత్తి నా వెనక్కి చూసింది. చేతిలో చీర అలాగే పట్టుకుని చాలాసేపు చూసింది. “దానియేలు ఎక్కాడే,” అంది, నాతో కాదు, తనలో తను అన్నట్టుగా.

అప్పటికీ తిరగలేదు. రత్నం వచ్చి భుజం మీద చెయ్యి వేసి, “వదినా, రండి. దిగారు,” అన్నాక లేచాను.

చెట్టు కింద మూడు గెలలు పడి ఉన్నాయి. దానియేలు చెమటతో తడిసి, మోకు విప్పకుండా, కాయల గుట్టకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. వాటిని దాచుకోవాలని చూడలేదు. గట్టు మీద కుర్రాడు లేడు. సూరన్న గారు చెట్లకి సున్నంతో గీతలు పెట్టుకుంటూ, ఏమీ జరగనట్టు, తర్వాతి వరస చూపించారు.

“కాడలో దిగాక తిప్పాను,” అన్నాడు వాడు కత్తిని నా ముందుకు చాపి. “రెండుసార్లు గట్టిగా తిప్పాను. కావాలనే.”

అంచు చూశాను. బెల్లం రంగు మీద పచ్చటి కాడ పసరు అంటుకుని ఉంది. ఎక్కడా పెచ్చు ఊడలేదు.

“ఇది తుప్పు పడుతుందిరా. పాతదానికి ఆ బాధ లేదు,” అన్నాను.

“మరి ఏం చెయ్యాలి? నీ పుస్తకంలో ఏముంది?”

వాడు నిజంగానే అడిగాడు. వాడి మొహం చూశాను. పోయిన వేసవిలో ఫోన్లో అడిగినప్పుడు ఎలా ఉండి ఉంటుందో అలాగే ఉంది.

“పని అయ్యాక తుడవాలి. తడి మీద ఒరలో పెట్టకూడదు. నూనె రాయాలి.”

“ఏ నూనె?”

“ఏ నూనైనా పరవాలేదు.”

“కొబ్బరి నూనె?”

“కొబ్బరి నూనె కూడా.”

“కోనసీమలో అది దొరుకుద్దో దొరకదో మరి,” అన్నాడు రత్నం వైపు చూసి. ఆవిడ కాయల గుట్ట మధ్యలో నిలబడి పకపకా నవ్వింది. వాడు లేచి కత్తి తుడిచి వెనక దోపుకున్నాడు. తర్వాతి చెట్టు దగ్గరికి నడిచి, మొదట్లో చెయ్యి ఆనించి, ఒకసారి వెనక్కి చూశాడు.

ఈసారి నన్ను వెళ్ళమనలేదు.